సూది ఎన్ని గంటలకు వేశారు?

(ఆదోని దగ్గరి ఒక పల్లెలో, బడి ఆవరణలో, రిటైరైన పిల్లల డాక్టరు ఒకరు ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు, తల్లులకు చేసిన ప్రసంగం. ఆ రోజు పత్తి పనికి పోయి రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, చాప ఖాళీగానే ఉంది. బిడ్డ ఏడుస్తోందని బయటికి పోవద్దమ్మా, కూర్చో. నేను పిల్లల డాక్టర్ని, ఇన్నేళ్లూ ఆ ఏడుపుల మధ్యనే మాట్లాడినాను. బిడ్డ ఏడిస్తే నాకు భయం లేదు. ఏడవకపోతేనే భయం. అదెందుకో కాసేపట్లో చెప్తా.

ముందు ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీ బిడ్డకు పోయినసారి టీకా వేయించినాక అరగంట అక్కడే కూర్చున్నవాళ్లు చేతులెత్తండి. నాలుగు... అయిదు. ఆ అక్క సగం ఎత్తింది, పావుగంట కూర్చుందేమో. మిగతావాళ్లు? ఆటో పోతుంది, కూలికి టైం అవుతుంది, ఇంటి దగ్గర పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చినాను సార్ అంటారు. తెలుసు. నేను తిట్టడానికి రాలేదు. ఆ అరగంట ఎందుకు అడుగుతారో చెప్పడానికి వచ్చినా.

1990లలో, నేను కొత్తగా పీహెచ్‌సీలో చేరిన రోజులు. ఏడాదిన్నర పిల్లవాడు. డీపీటీ బూస్టర్ వేసినారు, అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా మరో డోసు. తల్లి వాణ్ని చంకనేసుకొని ఇంటిదారి పట్టింది. ఊరి చివర వేపచెట్టు దాకా పోయిందో లేదో, వాడు దగ్గడం మొదలుపెట్టినాడు. తర్వాత ఒళ్లంతా దద్దుర్లు. పెదవులు ఉబ్బినాయి. ఒకసారి వాంతి చేసుకున్నాడు. తర్వాత తల వాల్చేసినాడు. ఆ తల్లి పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చింది.

సిస్టర్ దగ్గర అడ్రినలిన్ ఉంది, ఇట్లాంటి రియాక్షన్‌కు ప్రాణం నిలిపే మందు. అది ఎందుకో ఆమెకు తెలుసు. అయినా వేయలేదు. డాక్టరు లేకుండా వేస్తే, గుండె ఆగిపోతే, ఎవరు జవాబు చెప్పాలి? అని భయం. సైకిల్ మీద ఒక పిల్లవాణ్ని నా దగ్గరికి పంపింది. నేను పక్క ఊళ్లో ఉన్నా. జీపులో వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది. తొడలో అడ్రినలిన్ వేసినాను. కొన్ని నిమిషాలకు కళ్లు తెరిచినాడు. వాడికిప్పుడు పెళ్లయింది, కూతురు కూడా ఉంది. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజు వాడు బతికింది మా తెలివి వల్ల కాదు. ఆ ఇరవై నిమిషాలు ఇంకో బిడ్డ తట్టుకునేది కాదు. తప్పు సిస్టర్‌ది కూడా కాదు. "నేను లేకపోయినా వేసెయ్" అని నేను ఆమెకు ఒక్కసారి కూడా చెప్పి ఉండలేదు. తప్పు నాది.

ఆ బిడ్డకు వచ్చినదాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. పేరు నోరు తిరగదు, గుర్తుపెట్టుకోనక్కర లేదు. ఫ్రాన్స్ దేశంలో రిషే అనే డాక్టరు, పోర్టియే అని ఆయన తోటివాడు, 1902లో పెట్టిన పేరు. ఒక సముద్రజీవి విషాన్ని కుక్కలకు కొంచెం కొంచెం ఇస్తే తట్టుకునే శక్తి వస్తుందనుకున్నారు. మొదటిసారి తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత చాలా తక్కువ మోతాదుకే నిమిషాల్లో చచ్చిపోయింది. రక్షణ వస్తుందనుకుంటే తిరగబడింది. ఆ పనికే రిషేకు 1913లో నోబెల్ బహుమతి ఇచ్చినారు. మన ఒంట్లో కాపలా కాసేవాళ్లే కంగారుపడి ఇంటికి నిప్పు పెట్టినట్టు, అంతే. ఇది టీకాకే కాదు, పెన్సిలిన్ సూదికి రావచ్చు, కందిరీగ కుట్టినా రావచ్చు, వేరుశనక్కాయలు పడనివాళ్లకు వాటితోనూ రావచ్చు. టీకాలతో చాలా అరుదు. పది లక్షల డోసులకు ఒకటో రెండో.

అంత అరుదైనదానికి ఇంత సేపు ఎందుకు సార్ అంటారా? అరుదే. కానీ వచ్చిన ఇంటికి అది నూటికి నూరు. పైగా ఇది చికిత్స ఉన్న జబ్బు. దగ్గర మందు పెట్టుకొని బిడ్డను పోగొట్టుకోవడం కంటే పాపం ఉందా?

సరే, ఎట్లా గుర్తుపట్టాలి? నేను ఇవాళ మీకు ఒకే ఒక్క ప్రశ్న నేర్పించి పోతాను. సూది ఎన్ని గంటలకు వేశారు? ఇదే ఆ ప్రశ్న. బిడ్డకు ఏం జరిగినా ముందు ఇది అడగండి. ఎందుకంటే టీకా తర్వాత వచ్చే ఒక్కో తేడాకు ఒక్కో టైం ఉంటుంది. బస్సుల మాదిరి. ఎమ్మిగనూరు బస్సు వచ్చే టైముకు గుంతకల్లు బస్సు రాదు కదా?

మొదటి అరగంటది అనాఫిలాక్సిస్. ఎక్కువగా అయిదు నిమిషాల నుంచి అరగంట లోపల మొదలవుతుంది. చర్మం మీద దద్దుర్లు, దురద, మొహం వాపు. గొంతు బొంగురు, ఆగని దగ్గు, ఛాతీలో పిల్లికూతలు, ఊపిరి ఎగబీల్చడం. నాడి వేగంగా, సన్నగా కొట్టుకుంటుంది, చేతులు కాళ్లు చల్లబడతాయి. వాంతి, కడుపునొప్పి కూడా ఉండొచ్చు. అన్నీ ఉండాలని లేదు. దద్దుర్లు లేకుండానే ఊపిరి ఆడకపోవడం, సొమ్మసిల్లడం రావచ్చు. దద్దుర్ల కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ఉత్త దద్దుర్లు నాలుగు వచ్చి బిడ్డ ఆడుకుంటూ ఉంటే అది వేరే సంగతి, చూస్తూ ఉండాలి. దద్దుర్లతో పాటు ఊపిరి గానీ, స్పృహ గానీ, నాడి గానీ తేడా వచ్చిందంటే ఇక ఆలోచన లేదు.

ఏం చేయాలి? సిస్టరమ్మలూ, ఇది మీకు. అడ్రినలిన్. తొడ మధ్యలో, బయటివైపు, కండలోకి. జబ్బకు కాదు, నరానికి అసలే కాదు. తొడ కండ పెద్దది, రక్తం బాగా పారుతుంది, మందు తొందరగా ఎక్కుతుంది. ఏడాది లోపు బిడ్డకు 0.05 మిల్లీలీటర్లు, ఏడాది నుంచి ఆరేళ్ల దాకా 0.1, పెద్దవాళ్లకు 0.5. మధ్య వయసులవాళ్లకు ఎంతో మీ కిట్‌లో చార్టు ఉంటుంది, బట్టీ పట్టనక్కర లేదు, కానీ ఆ చార్టు కిట్‌లో ఉందా లేదా అని ప్రతి బుధవారం పొద్దున్నే చూసుకోండి. ఏఎన్ఎం, అంటే మన సిస్టరమ్మే, డాక్టరు కోసం ఎదురు చూడకుండా ఒక డోసు వేయవచ్చని ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. సైకిల్ మీద ఎవరినీ పంపక్కర లేదు. సందేహంలో ఉంటే కూడా వేయండి. ఆ మోతాదులో తొడలో వేసిన మందుతో కాసేపు గుండె దడ, ఒళ్లు వణుకు, అంతే. వేయకపోతే పోయేది ప్రాణం.

ఇక్కడ ఒక మాట, ఆర్ఎంపీ అన్నలు ఇద్దరు ముగ్గురు వచ్చినారు, సంతోషం, కోపం తెచ్చుకోకండి. మన దగ్గర ఏ రియాక్షన్‌కైనా చేయి మొదట దేని మీదికి పోతుంది? ఏవిల్, డెక్సా. అవునా కాదా? నవ్వుతున్నారంటే అవునన్నమాట. ఏవిల్ దురద తగ్గిస్తుంది. డెక్సా పని మొదలుపెట్టడానికే గంటలు పడుతుంది. మూసుకుపోతున్న గొంతును అవి తెరవవు, పడిపోతున్న బీపీని లేపవు. వదులైపోయిన రక్తనాళాలను బిగించేది, ఊపిరి గొట్టాలను విప్పేది, గుండెను గట్టిగా కొట్టించేది, మూడూ ఒకేసారి చేసేది అడ్రినలిన్ ఒక్కటే. మిగతావన్నీ దాని తర్వాత.

తల్లులకు? మీరు చేయాల్సింది మూడు పనులు. గట్టిగా అరిచి సిస్టర్‌ను పిలవండి, ఎవరితోనైనా 108కి ఫోన్ చేయించండి. బిడ్డను పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టండి. ఊపిరి ఆడక అవస్థ పడుతుంటే కూర్చోబెట్టినట్టు పట్టుకోండి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. మూడోది, నిలబెట్టకండి, నడిపించకండి, భుజాన నిటారుగా వేసుకొని పరుగెత్తకండి. నీరసంగా ఉన్నాడని లేపి నిలబెట్టి మొహాన నీళ్లు కొడతారు చూడండి, అనాఫిలాక్సిస్‌లో అది ప్రాణం తీస్తుంది. ఉన్న కాస్త రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, గుండెకు తిరిగి రాదు.

ఇంకోటి. అడ్రినలిన్ వేసినాక బిడ్డ లేచి నవ్వుతుంది. "బాగైపోయింది సార్, ఇంటికి పోతాం" అంటారు. వద్దు. కొందరిలో కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెడుతుంది. ఆసుపత్రిలో ఉంచి చూడాల్సిందే. ఇక్కడి నుంచి ఆదోని ఆసుపత్రికి పంపితే పోండి. అక్కడివాళ్లు కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మంటే అది వంద కిలోమీటర్లని వెనకాడకండి.

ఇప్పుడు దీన్ని పోలినది ఒకటుంది, కళ్లు తిరిగి పడిపోవడం. ఎమ్మిగనూరు వైపు ఒక హైస్కూల్లో పదో తరగతి పిల్లలకు టీడీ సూదులు, అంటే ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసేవి, వేస్తున్నారు. వరుసలో మూడో పిల్ల సూది చూసే పడిపోయింది. దాన్ని చూసి ఇంకో పిల్ల. పావుగంటలో ఏడుగురు. ఊరంతా బడి దగ్గర చేరింది. నేను పోయేసరికి ఒక్కో పిల్ల చుట్టూ ఇరవైమంది, గాలి ఆడకుండా. ఏమీ లేదమ్మా, అది భయం. ఎట్లా తెలిసింది? మళ్లీ అదే ప్రశ్న. సూది ఎన్ని గంటలకు వేశారు? ఆ మొదటి పిల్లకు ఇంకా వేయనే లేదు! భయంతో పడిపోయేవాళ్లు సూదికి ముందో, వేసేటప్పుడో, వేసిన వెంటనేనో పడతారు. పాలిపోతారు, చెమట పడుతుంది, నాడి నిదానంగా ఉంటుంది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే ఒకట్రెండు నిమిషాల్లో తేరుకుంటారు. దద్దుర్లు ఉండవు, పిల్లికూతలు ఉండవు. అందుకే బళ్లలో సూదులు వరుసలో నిలబెట్టి అందరి ముందర వేయకండి టీచర్ గారూ. లోపలి గదిలో, కూర్చోబెట్టి, పొద్దున ఏదైనా తిన్నాకనే. ఉగ్గాని తిని రమ్మనండి, మిరపకాయ బజ్జీ లేకుండా.

కానీ ఒకటి బాగా వినండి. ఇది పెద్దపిల్లల సంగతి. చంటిబిడ్డ భయంతో సొమ్మసిల్లడం దాదాపు ఉండదు. చంటిబిడ్డ సూది తర్వాత కొద్ది నిమిషాల్లో ఉన్నట్టుండి స్పృహ తప్పితే భయమే అనుకోకండి, అనాఫిలాక్సిస్ అనే అనుకోండి.

అరగంట అయిపోయింది. ఇంటికి పోయినారు. ఇప్పుడు మొదటి రాత్రి, రెండు రోజులు. పెంటావాలెంట్, అంటే అయిదు జబ్బులకు కలిపి వేసే టీకా, డీపీటీ, వీటి తర్వాత జ్వరం, తొడ వాపు, చిరాకు, ఇవన్నీ మామూలే. సిస్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్, తల్లిపాలు, తడిబట్ట. సూది వేసిన చోట తోమకండి, పసుపు పట్టించకండి. మూడు గంటలకు మించి ఆపకుండా ఏడిస్తే చూపించండి, ఎక్కువగా అది నొప్పే, ఒక రోజులో తగ్గుతుంది.

ఏడవకపోతేనే భయం అన్నాను కదా. సూది తర్వాత కొన్ని గంటలకు, రెండు రోజుల లోపల, కొంతమంది బిడ్డలు గుడ్డబొమ్మ మాదిరి వాలిపోతారు. ఒళ్లు పాలిపోతుంది, లేదా నీలం పడుతుంది. పిలిస్తే పలకరు, గిల్లినా ఏడవరు. చూస్తే తల్లి గుండె ఆగిపోతుంది. చాలామంది బిడ్డలు తమంతట తామే తేరుకుంటారు, తర్వాత ఏ లోపమూ ఉండదు. కానీ అది మీరు ఇంట్లో కూర్చొని తేల్చే సంగతి కాదు. "నిద్రపోతున్నాడులే, జ్వరం మందు వేసినాం కదా" అనుకోవడమే ప్రమాదం. పడుకున్న బిడ్డ లేపితే లేవాలి, రొమ్ము పట్టాలి. లేవకపోతే, పట్టకపోతే, 108.

ఆ జ్వరం మందు గురించి కూడా ఒకటి. 2019లో హైదరాబాద్‌లో పెంటావాలెంట్ వేసిన పసిబిడ్డలకు పారాసిటమాల్ అనుకొని పొరపాటున ట్రమడాల్ మాత్రలు ఇచ్చినారు. అది గట్టి నొప్పి మందు, పసిబిడ్డల ఊపిరిని అణిచేస్తుంది. బిడ్డలు చనిపోయినారు. అందులో టీకా తప్పు ఏముంది? కానీ ఊళ్లో మాట ఎట్లా ఉంటుంది? "టీకా వికటించి." పేపర్లలో చూస్తుంటారు ఈ మాట. వికటించింది టీకానా, మాత్రా, వేసిన పద్ధతా, లేక ఆ బిడ్డకు అప్పటికే ఉన్న జబ్బా? నాలుగూ వేరువేరు. మాత్రల పట్టీ మీద పేరు చదవండి. చదువు రాకపోతే ఆశాతో చదివించుకోండి. సిగ్గేం లేదు.

ఫిట్స్. ఇది ఎక్కువ భయపెట్టేది. జ్వరంతో వచ్చే ఫిట్స్ డీపీటీ తర్వాత మొదటి రెండు మూడు రోజుల్లో, తట్టు, రుబెల్లాకు వేసే ఎంఆర్ టీకా తర్వాత అయితే ఆరో రోజు నుంచి పన్నెండో రోజు మధ్య రావచ్చు. ఎందుకు అంత ఆలస్యం? ఎంఆర్‌లో ఉన్నది బలం తగ్గించిన బతికున్న వైరస్. అది ఒంట్లో పెరగడానికి వారం పడుతుంది. అప్పుడు జ్వరం, ఒంటి మీద ఎర్రటి పొక్కులు. "అమ్మవారు పోసింది, టీకా వేసినా పోసింది" అని వేపమండలు కడతారు, కట్టండి, నాకు అభ్యంతరం లేదు, జ్వరం మాత్రం చూసుకోండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టకండి, వేళ్లు పెట్టకండి, నీళ్లు పోయకండి. తాళాల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం... పెద్దమ్మా, నువ్వు అట్ల చూడకు, తాళంచెవితో ఫిట్స్ తగ్గవు, అది తగ్గే టైముకు నువ్వు తాళంచెవి పెట్టినావు. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే ఆగకుండా ఆసుపత్రికి. ముందే ఆగినా చూపించాల్సిందే, కానీ ఆ రెండో సంగతిలో కంగారు అక్కరలేదు. జ్వరంతో ఒకసారి వచ్చిన ఫిట్స్ మూర్ఛరోగం కాదు.

ఎంఆర్ టీకా విషయంలోనే ఇంకో టైం ఉంది. ఇది చాలామందికి తెలియదు. ఆ టీకా పొడిగా వస్తుంది, నీళ్ల మందు కలిపి వేస్తారు. కలిపిన నాలుగు గంటల లోపలే వాడాలి, మిగిలింది పారేయాలి. క్షయకు వేసే బీసీజీ కూడా అంతే. సూక్ష్మక్రిములు పెరగకుండా ఆపే మందు అందులో ఉండదు. పొద్దున కలిపింది సాయంత్రం వేస్తే, అందులో పెరిగిన క్రిముల విషంతో కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు, ఎక్కువ జ్వరం వచ్చి బిడ్డ పడిపోతుంది. అందుకే సీసా మీద కలిపిన టైం రాస్తారు. "ఎన్ని గంటలకు కలిపినారు సిస్టర్?" అని అడగండి. అడిగితే కోప్పడకండి సిస్టరమ్మలూ, చూపించండి.

బీసీజీ పుండు సంగతి తొందరగా చెప్పేస్తా. కొన్ని వారాలకు చిన్న పొక్కు, కొంచెం చీము, మచ్చ. అది టీకా పనిచేస్తోందని. దాని మీద ఏ మందూ పూయకండి. చంకలో బిళ్ల కట్టి పెరుగుతుంటే మాత్రం చూపించండి.

మొన్న ఒకాయన అడిగినాడు, "కోవిడ్ టీకా వేసుకొని ఇన్నేళ్లయింది, ఇప్పుడు గుండె ఆగిపోతుందా సార్?" అని. అడగాల్సిన ప్రశ్నే. రక్తం గడ్డకట్టే అరుదైన సమస్య కోవిషీల్డ్ లాంటి టీకాలతో వచ్చిన మాట నిజం. దాని టైం సూది తర్వాత మొదటి కొన్ని వారాలు. ఏళ్ల తర్వాత కాదు. పద్దెనిమిది నుంచి నలభై అయిదేళ్లవాళ్ల ఆకస్మిక మరణాల మీద దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చేసిన అధ్యయనం 2023లో వచ్చింది, టీకా వల్ల ఆ ప్రమాదం పెరగలేదని తేలింది. ఆయన బీడీలు మానేసినాడా అంటే మానలేదు. అది వేరే కథ.

ఇక మీరు సుగ్గికి పోయేవాళ్లు. గుంటూరు వైపు మిరప కోతలకు పోతే బిడ్డల కార్డు ఇంట్లో పెట్టె అడుగున ఉంటుంది. అక్కడ బిడ్డకు ఏదైనా అయితే డాక్టరు అడిగేది రెండే. ఏ టీకా వేశారు, ఎప్పుడు వేశారు? "ఊళ్లో ఏదో సూది వేసినారు" అంటే ఆయన ఏం చేస్తాడు? కార్డు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. కార్డులో తేదీ ఉంటుంది, గంట ఉండదు. పక్కన పెన్సిల్‌తో గంట మీరే రాయించుకోండి.

ఏదైనా తీవ్రంగా జరిగితే ఆశాకు చెప్పండి, దాచకండి. ఆశా సిస్టర్‌కు, సిస్టర్ డాక్టరుకు వెంటనే. ఆసుపత్రిలో చేరేంత జరిగితే 24 గంటల్లో జిల్లాకు ఫారం పోవాలి. ఎవరి ఉద్యోగమో పోతుందని ఫారం నింపకుండా వదిలేసినవాళ్లను చూసినాను. అదే సీసాలోని మందు, అదే పెట్టెలోని సీసాలు ఇంకో ఊళ్లో ఇంకో బిడ్డకు వేస్తుంటారు కదమ్మా ఆ టైముకు? వాడిన సీసాలు కూడా పారేయకుండా పక్కన పెట్టండి.

"ఒకసారి రియాక్షన్ వచ్చింది, ఇక టీకాలే వద్దా?" అని ఈ అక్క చీటీ పంపింది. జ్వరం, వాపు, ఏడుపు వస్తే తర్వాతి డోసు మానక్కర లేదు. అనాఫిలాక్సిస్ వస్తే ఆ టీకా మళ్లీ వేయరు. మిగతావి వేయాలా, ఎక్కడ వేయాలి అనేది పిల్లల డాక్టరు చూసి చెప్తాడు. ఏ టీకాకు వచ్చిందో కార్డు మీద ఎర్ర సిరాతో పెద్దగా రాయించుకోండి.

చాలాసేపు మాట్లాడినా. ఇప్పుడు సిస్టర్ కిట్ తెరుస్తుంది. అడ్రినలిన్ ఆంపూల్ మీద తేదీ చూడటం, రంగు మారిందేమో చూడటం, చిన్న సిరంజిలో 0.05 ఎక్కడుందో చూపించడం. ఆ గీత ఎంత చిన్నదో చూస్తే మీకే తెలుస్తుంది, చేతులు వణికే టైములో మొదటిసారి వెతుక్కునేది కాదు అది. ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు కూడా దగ్గరికి వచ్చి చూడండి. సిస్టర్లు మాత్రం ఒక్కొక్కరుగా రండి. సిరంజిలో నీళ్లు తీసుకొని చీనీకాయకు వేసి చూపించాలి. రాజూ, ఆ చీనీకాయల సంచి ఇటు తీసుకురా నాయనా. తినేయలేదు కదా?